హృదయములోని విగ్రహములు

పాఠ్యభాగము: యెహెజ్కేలు 14:1–6; యెషయా 44:9–20; కొలొస్సయులకు 3:5



ఇశ్రాయేలు పెద్దలు కొందరు యెహెజ్కేలు ప్రవక్త యెదుట వచ్చి కూర్చుండిరి. వారి చేతులలో ఏ బొమ్మయు లేదు. దేవుని మాట వినుటకే వచ్చిరి. అయినను విగ్రహములు వారి హృదయములలోనే ఉన్నవని దేవుడు ప్రవక్తకు తెలియజేసెను. కాబట్టి ఈ పాఠము బయటివారికి కాదు, ఆరాధనకు వచ్చి కూర్చున్న మనకే.

యెషయా 44లో ఒక వడ్రంగి కనబడుచున్నాడు. ఒకే మ్రానులో కొంత పొయ్యిలో పెట్టి వంట చేసికొని, మిగిలిన మొద్దును దేవునిగా చెక్కి మ్రొక్కుచున్నాడు. జూజువాడిలో కాపురముండు మనము అతనిని చూచి నవ్వలేము. హోసూరు కర్మాగారములలో మన చేతులు గడియారములు, మోటారు సైకిళ్లు, లారీలు తయారు చేయుచున్నవి. ఆ జీతముతో అన్నము తినుట దేవుని దీవెనయే. పొయ్యిలోని కట్టె పాపము కాదు. మిగిలిన మొద్దును ఏమి చేసితిమి అన్నదే ప్రశ్న. ధనాపేక్ష విగ్రహారాధనయే అని పౌలు వ్రాసెను.

విగ్రహమును గుర్తించుటకు మూడు ప్రశ్నలు వేసికొందము.

1. దేనిని కాదనలేకున్నాము? ఆదివారము షిఫ్టు పడినచో వెళ్లక తప్పదు. అది మన వశములో లేదు. కాని సెలవు ఉండియు, ఇంటిలో కొదువ లేకయు, ఓవర్‌టైము డబ్బు కొరకు అడిగి వేయించుకొను డ్యూటీ సంగతి వేరు. రాత్రి ప్రార్థన వేళ సెల్‌ఫోను పక్కన పెట్టలేకపోవుటయు అట్టిదే.

2. దేనికి బలి ఇచ్చుచున్నాము? విగ్రహము ఎప్పుడును బలి కోరును. ఇటు హోసూరులోనో, సరిహద్దు దాటి అత్తిబెలెలోనో ఒక ప్లాటు కొనవలెనని చీటీ మీద చీటీ కట్టుచుందుము. సొంత ఇల్లు కోరుట తప్పు కాదు. కాని దాని కొరకు ఊరిలోని తల్లిదండ్రులకు పంపు డబ్బు ఆగినచో, బలియైనది ఎవరు? మార్కు 7లో కొర్బానును గూర్చి ప్రభువు పలికిన గద్దింపు చదువుడి.

3. అది పోయినచో మన విశ్వాసములో ఏమి మిగులును? 1876–78 కరువులో ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగము గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని కల్పించిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. అయినను కూలి కొరకు, గింజల కొరకు ఎవరును క్రీస్తును ఆశ్రయింపకుండునట్లు, కరువు సహాయము సాగినంత కాలము ఆయన బాప్తిస్మము ఇయ్యలేదు. సహాయము ముగిసిన పిమ్మటనే, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారును మనవలె పని వెదకుచు ఇల్లు విడిచినవారే. కూలి ఆగినను వారు దేవుని విడువలేదు.

మన కాంట్రాక్టు రేపు ముగిసినచో మనము నిలుతుమా? ఈ వారము కుటుంబముగా కూర్చుండి ఇంటి లెక్కల పుస్తకము తెరువుడి. మన జీతము, మన సమయము ఎవరి యెదుట మోకరించుచున్నవో అది దాచక చెప్పును. పనిని పనిగాను, దేవుని దేవునిగాను ఉంచుకొను కృప ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.