కొత్త సముద్రపు నీటి అక్వేరియం: చేపలను వదిలే ముందు నీటి రసాయన గుణాల నిర్వహణ

సారాంశం

కొత్తగా నెలకొల్పిన సముద్రపు నీటి అక్వేరియంలో నీరు తేటగా ఉన్నప్పటికీ చేపలు మొదటి వారాల్లోనే మరణించడం తరచుగా కనిపించే సమస్య. నీటిలో అమ్మోనియా, నైట్రైట్ పేరుకొనడం దీనికి ముఖ్య కారణాల్లో ఒకటి. వీటిని ఆక్సీకరించే సూక్ష్మజీవులు తగిన సంఖ్యలో స్థిరపడడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఈ వ్యవధిలో లవణీయత, ఉదజని సూచిక (పి.హెచ్.), క్షారత, అమ్మోనియా, నైట్రైట్‌లను ఎలా నిర్వహించాలో, తొట్టె చేపలకు సిద్ధమైనదని ఏ పరీక్షతో నిర్ధారించాలో ఈ వ్యాసం వివరిస్తుంది. ఉదాహరణగా 200 లీటర్ల నికర నీటి పరిమాణం గల తొట్టెను తీసుకొనడమైనది.

పరిచయం

క్లౌన్ చేపల వంటి కొన్ని సముద్ర అలంకార చేపలను హేచరీలలో ఉత్పత్తి చేసే పద్ధతులు మన దేశంలో అందుబాటులోకి వచ్చాయి. అయినా వ్యాపారంలో ఉన్న జాతుల్లో అధిక భాగం నేటికీ పగడపు దిబ్బల నుంచి పట్టినవే. అందువల్ల అక్వేరియంలో మరణించే ప్రతి చేపా పెంపకందారునికి ధన నష్టం కలిగించడమే గాక, దిబ్బలపై మరొక చేప కోసం ఒత్తిడిని పెంచుతుంది. శిక్షణ కేంద్రాలలో, కళాశాల ప్రయోగశాలలలో తొట్టె నింపిన రెండు మూడు రోజులకే చేపలను వదిలే అలవాటును ఈ దృష్టితో పునఃపరిశీలించవలసి ఉన్నది.

నీటి తయారీ

సముద్రపు నీటిలోని లవణాల బరువులో సోడియం, క్లోరైడ్‌లు కలిసి సుమారు 85 శాతం. మిగిలిన భాగంలో సల్ఫేట్, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, బైకార్బనేట్ ముఖ్యమైనవి. వంట ఉప్పు కలిపిన నీటిలో ఇవి తగినంత ఉండవు గనుక అది సముద్రపు నీటికి ప్రత్యామ్నాయం కాదు. తీరానికి దూరంగా ఉన్న ప్రాంతాలలో అక్వేరియం కోసం తయారైన లవణ మిశ్రమాన్ని ఆర్.ఓ. నీటిలో కలపాలి. 200 లీటర్లకు 7 నుంచి 8 కిలోల మిశ్రమం అవసరమవుతుంది. 24 గంటల పాటు గాలి అందిస్తూ కలియబెట్టిన తరువాతనే కొలతలు తీసుకోవాలి. కుళాయి నీరు వాడవలసి వస్తే, ప్రతి మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు 7 మిల్లీగ్రాముల సోడియం థయోసల్ఫేట్ వేసి క్లోరిన్‌ను తొలగించాలి. క్లోరిన్ చేపలతోపాటు నత్రీకరణ సూక్ష్మజీవులను కూడా చంపుతుంది.

కోస్తా ఆంధ్రలో సముద్రపు నీటిని నేరుగా వాడే వీలుంది. అయితే వర్షాకాలంలో గోదావరి, కృష్ణా నదుల వరద నీరు కలిసినప్పుడు బంగాళాఖాతపు తీర జలాల లవణీయత గణనీయంగా తగ్గుతుంది. ఒక నెలలో తీసిన కొలత మరొక నెలకు వర్తించదు. తెచ్చిన ప్రతిసారీ రిఫ్రాక్టోమీటరుతో కొలిచి, ఇసుక వడపోత, క్లోరినేషన్, క్లోరిన్ తొలగింపు పూర్తి చేసిన తరువాతనే తొట్టెలో నింపాలి.

పాటించవలసిన విలువలు

లవణీయత: 33–35 పి.పి.టి.
విశిష్ట సాంద్రత (25 డిగ్రీల సెల్సియస్ వద్ద): 1.025–1.026
ఉష్ణోగ్రత: 25–28 డిగ్రీల సెల్సియస్
పి.హెచ్.: 8.0–8.3
క్షారత (కాల్షియం కార్బనేట్ రూపంలో): లీటరుకు 120–150 మి.గ్రా.
కాల్షియం: లీటరుకు 400–450 మి.గ్రా.
మెగ్నీషియం: లీటరుకు 1250–1350 మి.గ్రా.
అమ్మోనియా, నైట్రైట్ (చేపలను వదిలే నాటికి): పరీక్షలో కనిపించరాదు

నీరు ఆవిరైనప్పుడు లవణాలు తొట్టెలోనే మిగిలిపోతాయి. 35 పి.పి.టి. గల 200 లీటర్లలో 10 లీటర్లు ఆవిరైతే లవణీయత సుమారు 36.8కి పెరుగుతుంది. కావున తరుగును ఉప్పులేని నీటితోనే భర్తీ చేయాలి. వేసవిలో ఈ పని ప్రతిదినం చేయడం మంచిది.

నత్రీకరణ ప్రక్రియ

చేపలు విసర్జించే అమ్మోనియాలో అధిక భాగం మొప్పల ద్వారా వెలువడుతుంది. మిగిలిపోయిన మేత కుళ్ళడం వల్ల కూడా అమ్మోనియా ఏర్పడుతుంది. దీనిని నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా నైట్రైట్‌గా, నైట్రోస్పైరా వంటి బాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఆర్కియా వర్గపు సూక్ష్మజీవులు కూడా మొదటి దశలో పాల్గొంటాయి. అమ్మోనియాను ఆక్సీకరించే ఆర్కియా నైట్రోసోప్యుమిలస్ మారిటిమస్‌ను 2005లో సియాటెల్ నగరంలోని సముద్రపు నీటి అక్వేరియం నుంచే వేరు చేశారు.

సాధారణ బాక్టీరియాలో పలు రకాలు అనుకూల పరిస్థితులలో అరగంట లోపే రెట్టింపు కాగలవు. నత్రీకరణ సూక్ష్మజీవులకు అందుకు అర రోజు నుంచి ఒక రోజు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. పైగా రెండవ వర్గానికి ఆహారమైన నైట్రైట్ మొదటి వర్గం పనిచేసిన తరువాతనే లభిస్తుంది. అందువల్ల ముందుగా అమ్మోనియా పెరిగి తగ్గుతుంది. అది తగ్గే సమయంలో నైట్రైట్ పెరుగుతుంది. అమ్మోనియా సున్నాకు చేరిన రోజునే తొట్టె సిద్ధమైనదని భావించడం పొరపాటు. ఆ రోజున నైట్రైట్ గరిష్ఠ స్థాయిలో ఉండవచ్చు. సముద్రపు నీటిలోని క్లోరైడ్ మొప్పల వద్ద నైట్రైట్ ప్రవేశాన్ని చాలావరకు అడ్డుకొంటుంది గనుక దాని విషప్రభావం మంచినీటిలో కన్నా తక్కువ. అయినప్పటికీ నైట్రైట్ నిలిచి ఉండడం వడపోత అసంపూర్తిగా ఉన్నదనడానికి గుర్తు.

పి.హెచ్., క్షారతల పాత్ర

నీటిలోని అమ్మోనియా అయానీకరణ చెందిన రూపంలోను, చెందని రూపంలోను ఉంటుంది. విషపూరితమైనది ప్రధానంగా రెండవది. పి.హెచ్. 7.0 వద్ద దీని వాటా ఒక శాతం కన్నా తక్కువ. సముద్రపు నీటిలో పి.హెచ్. 8.2, ఉష్ణోగ్రత 27 డిగ్రీలు ఉన్నప్పుడు అది 7 శాతానికి చేరుతుంది. మంచినీటి చేపలు తట్టుకొన్న మొత్తం అమ్మోనియా మోతాదు సముద్రపు తొట్టెలో ప్రాణాంతకం కావడానికి ఇదే కారణం.

ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారడానికి సుమారు 4.6 మి.గ్రా. ఆక్సిజన్, 7.14 మి.గ్రా. క్షారత ఖర్చవుతాయి. క్షారత తగ్గితే పి.హెచ్. పడిపోయి నత్రీకరణ మందగిస్తుంది. అడుగున పరచిన గుల్లలు క్షారతను నిలుపుతాయనే నమ్మకం ఉన్నది. పి.హెచ్. 8కు పైన గుల్లలు దాదాపు కరగవు గనుక వాటిపై ఆధారపడరాదు. కొలత ప్రకారం సోడియం బైకార్బనేట్ వేయాలి.

చేపలు లేకుండా తొట్టెను సిద్ధపరచే విధానం

1. ఫిల్టరులో సూక్ష్మజీవులు అంటుకొనడానికి సిరామిక్ వలయాలు లేదా గుల్లముక్కలు అమర్చి, గాలి నిరంతరం అందించాలి. గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు గనుక సముద్రం నుంచి పగడపు రాళ్ళను సేకరించరాదు. వీలైతే రోగరహితమైన పాత తొట్టెలోని ఫిల్టరు పదార్థాన్ని కొంత కలపాలి.

2. లీటరుకు 2 మి.గ్రా. అమ్మోనియా నత్రజని వచ్చేలా స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడ్ వేయాలి. ఒక మి.గ్రా. నత్రజనికి 3.82 మి.గ్రా. చొప్పున 200 లీటర్లకు సుమారు 1.53 గ్రాములు సరిపోతుంది.

3. రెండు రోజులకొకసారి అమ్మోనియా, నైట్రైట్, పి.హెచ్.లను, వారానికొకసారి క్షారతను పరీక్షించి నమోదు చేయాలి. కిట్ ఫలితం అమ్మోనియాగా ఇస్తున్నదో, నత్రజనిగా ఇస్తున్నదో ముందుగా గమనించాలి. నైట్రైట్ ఉన్నంతకాలం పలు కిట్లు నైట్రేట్‌ను ఎక్కువగా చూపుతాయి.

4. అమ్మోనియా సున్నాకు చేరినప్పుడు అదే మోతాదును మళ్ళీ వేయాలి. ప్రతి మోతాదుకు లీటరుకు సుమారు 14 మి.గ్రా. క్షారత తగ్గుతుంది. దానిని భర్తీ చేయడానికి 200 లీటర్లకు సుమారు 4.8 గ్రాముల సోడియం బైకార్బనేట్ అవసరం.

5. మోతాదు వేసిన 24 గంటలలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు చేరితే వడపోత సిద్ధమైనట్లు. అప్పుడు సగం నీటిని మార్చి నైట్రేట్‌ను తగ్గించాలి. చేపలు ఆలస్యమైతే సూక్ష్మజీవులకు ఆహారం అందేలా మోతాదు కొనసాగించాలి.

మేతతో పోల్చి చూడడం

ఈ పరీక్షను రోజువారీ మేతతో పోల్చవచ్చు. 45 శాతం మాంసకృత్తులు గల 10 గ్రాముల మేతలో సుమారు 0.72 గ్రాముల నత్రజని ఉంటుంది. అందులో సగం అమ్మోనియాగా మారినట్లు లెక్కిస్తే 200 లీటర్లలో లీటరుకు 1.8 మి.గ్రా. ఏర్పడుతుంది. అనగా పై పరీక్షలో నెగ్గిన ఫిల్టరు రోజుకు సుమారు 10 గ్రాముల మేత భారాన్ని మోయగలదు. అయినా తొలుత ఇందులో నాలుగవ వంతు మేతకు సరిపడే చేపలనే వదిలి, వారం పాటు పరీక్షించిన పిదప సంఖ్యను పెంచడం క్షేమం.

చేపలున్న తొట్టెలో అమ్మోనియా కనిపిస్తే

వెంటనే మేత ఆపి, గాలి పెంచి, అదే లవణీయత, ఉష్ణోగ్రత గల నీటితో కొంత నీటిని మార్చాలి. పి.హెచ్. తగ్గి ఉన్నదని ఒక్కసారిగా పెంచరాదు. 7.6 నుంచి 8.2కు పెరిగితే అమ్మోనియాలో విషపూరిత భాగం మూడు రెట్లకు మించుతుంది. చేపలను కాపాడబోయి చంపినట్లవుతుంది. ముందు అమ్మోనియాను పలుచన చేసి, ఆ తరువాతనే క్షారతను క్రమంగా సరిచేయాలి. ఫిల్టరు పదార్థాన్ని కుళాయి నీటితో కడగరాదు. తొట్టె నుంచి తీసిన నీటిలోనే జాడించాలి.

ముగింపు

నీటి తేటదనం గాని, గడచిన రోజుల లెక్క గాని తొట్టె సిద్ధమైనదనడానికి ప్రమాణాలు కావు. 24 గంటల అమ్మోనియా పరీక్ష ఒక్కటే ఆధారపడదగిన ప్రమాణం. విస్తరణ శాస్త్రవేత్తలు కొత్త పెంపకందారులకు చేపల ఎంపికకన్నా ముందు ఈ పరీక్షను చేసి చూపించాలి. విద్యార్థులు నత్రీకరణ రేఖాచిత్రాన్ని తమ తొట్టె కొలతలతో తామే గీసుకొంటే, ఈ నిరీక్షణ కాలమే వారికి మంచి ప్రయోగ పాఠం అవుతుంది.