అపామార్గము : మంత్ర వైద్య సంప్రదాయముల సమన్వయ పరిశీలనము

ఓషధీవిజ్ఞానము భారతదేశమున రెండు ధారలుగా ప్రవహించినది. అథర్వవేదమునుండి కౌశికసూత్రము ద్వారా వచ్చిన మంత్రవినియోగధార యొకటి. చరక సుశ్రుత సంహితలయందు సిద్ధాంతరూపము పొందిన వైద్యధార రెండవది. నేడు మొదటిది వేదపాఠశాలలయందును, రెండవది ఆయుర్వేద కళాశాలలయందును నిలిచియున్నవి. ఒకరి గ్రంథము నింకొకరు తెరచి చూచుట అరుదు. ఇందువలన కలుగు నష్టమెట్టిదో, దానికి పరిహారమేమో ఒక్క ఓషధిని ఉదాహరణముగా గొని విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. ఆ ఓషధి అపామార్గము; తెలుగువారి ఉత్తరేణి.

శాస్త్రకారుల దృష్టి

చరకసంహిత (సూ. 11-54) చికిత్సను దైవవ్యపాశ్రయము, యుక్తివ్యపాశ్రయము, సత్త్వావజయము అని మూడు విధములుగా విభజించినది. మొదటిదానియందు మంత్రము, ఓషధి, మణి, మంగళము, బలి, హోమము, ఉపవాసము మున్నగునవి పఠింపబడినవి. రెండవది ఆహారౌషధద్రవ్యముల యోజనము. ఓషధి రెండు చోట్లను కలదని గుర్తింపవలెను. మొదటి చోట నది మణిమంత్రముల సరసన నిలిచినది. రెండవ చోట మాత్రాకాలములకు లోబడినది. ద్రవ్య మొక్కటియే యైనను ప్రయోజనవ్యాపారము వేరు. ఈ భేదమును పాటించుచునే చరకుడు వైద్యునకు అథర్వవేదమునందు భక్తి యుండవలెనని చెప్పెను (సూ. 30-21). సుశ్రుతుడును ఆయుర్వేదమును అథర్వవేదమునకు ఉపాంగముగా పేర్కొనెను (సూ. 1). కావున సంహితాకారులు రెండు ధారలను కలిపి చూచిరే గాని కలగాపులగము చేయలేదు.

నామము, రూపము, వినియోగము

శౌనకశాఖీయమగు అథర్వసంహితలో చతుర్థకాండమున మూడు సూక్తములు (4-17, 18, 19), సప్తమకాండమున నొకటి (7-65) అపామార్గమును సంబోధించుచున్నవి. పరులు ప్రయోగించిన కృత్యలను త్రిప్పికొట్టుట, పాపమును తుడిచివేయుట వీనియందలి ముఖ్యవిషయము. ‘అప’ పూర్వకమగు మృజ ధాతువునకు తుడిచివేయుట అర్థము; ఓషధీనామమే ప్రార్థనకు బీజమైనది. సప్తమకాండసూక్తము దీనిని వెనుదిరిగిన ఫలములు గలదానిగా వర్ణించుచున్నది. శతపథబ్రాహ్మణము (5-2-4) రాజసూయమునందలి అపామార్గహోమమును వివరించుచు, ఫలములు వెనుదిరిగి యుండుటచేతనే ఇది పరులు చేసిన కీడును వారికే మరలించునని హేతువు చూపినది. ఆంధ్రదేశమున అధ్యయనప్రచారము గల తైత్తిరీయశాఖయందును ఈ హోమము రాక్షసనివారణార్థముగా విహితము (తై. బ్రా. 1-7-1).

ఈ వర్ణన కేవలకల్పన కాదు. ఉత్తరేణి కంకిని పట్టి చూచినవారికి విషయము తెలియును. పూవు విచ్చిన పిదప కాయ క్రిందికి వంగి కాడనంటి యుండును. చేతిని పైనుండి క్రిందికి జార్చిన గ్రుచ్చుకొనదు; క్రిందినుండి పైకి త్రోసిన గ్రుచ్చుకొనును. త్రోవన పోవువారి బట్టలను పట్టుకొని విడువదు. ఖరమంజరి, ప్రత్యక్పుష్పి, అధఃశల్యము అను పర్యాయములు ఈ రూపమునే చెప్పుచున్నవి. మంత్రద్రష్ట చూచిన లక్షణమే నిఘంటుకారునకు గుర్తింపుచిహ్నమైనది. కావున సందిగ్ధద్రవ్యములను నిర్ణయించువారు మంత్రభాగమును విడిచిపెట్టుట యుక్తము కాదు.

సంహితలయందలి అనువృత్తి

చరకసంహిత సూత్రస్థానమున రెండవ అధ్యాయమునకు అపామార్గతండులీయమని పేరు. రాజసూయమున రాక్షసులను వెడలగొట్టుటకు హోమము చేయబడిన అపామార్గతండులములే ఇచ్చట శిరస్సునందలి దోషమును వెడలించు ద్రవ్యములలో మొదట పఠింపబడినవి. శిరోవిరేచనద్రవ్యములలో ప్రత్యక్పుష్పి శ్రేష్ఠమని వేరొకచోట నిర్ణయము (సూ. 25-40).

ఇంతకంటె విశేషమొకటి కలదు. అథర్వసూక్తము (4-17) ఆకలిచావును, దప్పిచావును, సంతానహీనతను, జూదమున ఓటమిని అపామార్గముచే తుడిచివేయుదుమనుచున్నది. చరకుడు అపామార్గతండులములతోడను, పాలతోడను, ఉడుము మాంసరసముతోడను వండిన యవాగువు ఆకలిని హరించునని చెప్పెను (సూ. 2-33). రెండింటి భావము పూర్తిగా నొకటి కాదు. మంత్రము కోరినది ఆకలివలని మృత్యువు తొలగుట. యవాగువు చేయునది ఆకలినే అణచుట. అయినను ఈ సామ్యము ఉపేక్షింపదగినది కాదు.

అట్లని వేదమునందు సర్వౌషధగుణములును ముందే కలవని సాధింపబూనుటయు సాహసమే. అదే సూక్తమున నున్న జూదపు టోటమికి చరకుడు ఏ యవాగువును విధింపలేదు. ఆకలి సంహితలోనికి వచ్చినది, జూదము రాలేదు. ఈ రాకపోకలయందే యుక్తి చేసిన వివేచనము కనబడుచున్నది. రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచి చదువనివారికి ఈ వివేచనము కానరాదు.

ప్రభావవిచారము

రెండు ధారలును కలిసికొను శాస్త్రీయస్థానము ప్రభావము. చిత్రకము, దంతి రెండును రసమున కటువులు, విపాకమున కటువులు, వీర్యమున ఉష్ణములు; అయినను దంతి విరేచనము కలిగించును. ఇది ప్రభావము. ధరింపబడు మణుల కర్మయు ప్రభావజన్యమే యని చరకుడు (సూ. 26) అదే ప్రకరణమున చెప్పెను. ప్రభావము అచింత్యమనుట విచారమును మానుమనుట కాదు. ఫలము ప్రత్యక్షమై, హేతువు మాత్రము చిక్కనిచోట దానిని ఒప్పుకొనుట. ఫలమే కనబడనిచోట ప్రభావమను మాటకు అవకాశము లేదు. సుశ్రుతుడును (సూ. 40) ప్రత్యక్షఫలములై ప్రసిద్ధములైన ఓషధులను గూర్చియే హేతువాదమును నిషేధించెను.

ఉపసంహారము

చరకుడు కల్పస్థానమున (1-10) ఓషధిని సేకరించు విధి చెప్పుచు, వేరు గ్రీష్మమునగాని శిశిరమునగాని, పట్టయు పాలును శరత్తునందు గ్రహింపవలెననెను. ఆ వెంటనే సేకరించువాడు శుచియై, తెల్లని వస్త్రములు ధరించి, ఉపవసించి, దేవతలను పూజించి తూర్పుగా గాని ఉత్తరముగా గాని తిరిగి గ్రహింపవలెననెను. ఋతునియమమును మాత్రము గ్రహించి తక్కినదానిని విడుచుట నేటి సంగ్రహకర్తల పద్ధతి. ఆ విధిచే ద్రవ్యగుణము పెరుగునా యనునది వేరు ప్రశ్న. ఓషధిని ఊరక పెరికివేయరాదను నియమమును, దానిని గుర్తించి గ్రహించు శ్రద్ధను ఆ విధి పోషించినదనుట స్పష్టము.

ఇందుకు తెలుగునాటనే నిదర్శనము కలదు. వినాయకచవితినాటి ఏకవింశతిపత్రపూజయందు అపామార్గపత్రము చేరినది. ఉత్తరేణిని చూచి పేరు చెప్పగల బాలురు ఉన్నచో, వారు పత్రికై పెద్దలవెంట చేలగట్లకు పోయినవారే. అంగడిలో కొన్న కలగలుపు ఆకుకట్టతో పూజ ముగిసినచోట మంత్రము మిగులును, ఓషధి మరుగుపడును. ప్రయోగశాలలో సారము మాత్రము తీసినచోట ఓషధి మిగులును, దాని చరిత్ర మరుగుపడును.

కావున ఓషధీపరిశోధకులు ప్రతిద్రవ్యమునకును నామనిరుక్తి, మంత్రవినియోగము, సంహితోక్తకర్మ, లోకాచారము అను నాలుగింటిని వేరువేరుగా వ్రాసి పిమ్మట సరిపోల్చుట మేలు. వేరుగా వ్రాయుటవలన సాంకర్యము కలుగదు. సరిపోల్చుటవలన ఏదియు జారిపోదు. వేదాధ్యాపకుడును ద్రవ్యగుణాధ్యాపకుడును ఒక్క ఉత్తరేణిమొక్కయెదుట కూర్చుండి తమతమ గ్రంథములను విప్పినచో ఈ కార్యము నేడే ఆరంభమగును.