యేల్ విశ్వవిద్యాలయ నాటకశాల – ఆగస్ట్ విల్సన్ నాటకాలు

ప్రతి ఏటా మన హాస్టల్ వార్షికోత్సవం నాడు ఒక నాటిక వేయడం ఆనవాయితీ. నేను ఇక్కడ ఉన్న అయిదేళ్ళలో మూడు నాటికల్లో వేషం వేశాను. ఒకసారి డాక్టరు, ఒకసారి పోలీసు, ఒకసారి పాలేరు. డాక్టరుగా పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు మాట్లాడాను. పాలేరుగా మా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాను. జనం విరగబడి నవ్వింది పాలేరు మాటలకే. మా అమ్మ కూడా వచ్చి వెనక వరసలో కూర్చుంది. అందరూ నవ్వుతుంటే తనూ నవ్వింది. నేనూ సంతోషించాను. ఎం.ఏ. ఇంగ్లీషులో అమెరికన్ నాటకం పేపరు చదువుతున్నప్పుడు ఆ నవ్వు మళ్ళీ గుర్తుకొచ్చింది, కానీ ఈసారి సంతోషం కలగలేదు. ఎందుకో చెప్పాలంటే ఒక విశ్వవిద్యాలయం గురించి, దాని నాటకశాల గురించి, అక్కడ నాటకాలు వేయించుకున్న ఒక రచయిత గురించి చెప్పాలి. తమ్ముళ్ళు కొంచెం ఓపిక పట్టి చదవాలని కోరుతున్నాను.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్ పట్టణంలో యేల్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ నాటక విభాగానికి 1925లో జార్జ్ పియర్స్ బేకర్ అనే ఆచార్యుడు వచ్చి పాఠాలు మొదలుపెట్టాడు. 1966లో రాబర్ట్ బ్రుస్టీన్ ఆ విభాగానికి డీన్ అయ్యాడు. బోర్డు మీద రాసి నాటకం నేర్పడం కుదరదని, పక్కనే వృత్తి నటులు పనిచేసే నాటకశాల ఉండాలని ఆయన అభిప్రాయం. అలా పుట్టిందే యేల్ రెపర్టరీ థియేటర్. అది ఉన్న భవనం ఒకప్పుడు బాప్టిస్టు చర్చి. మనకు తెలిసిన పోలిక చెప్పాలంటే విశాఖపట్నంలో ఆంధ్రా మెడికల్ కాలేజీకి కె.జి.హెచ్. ఎలాంటిదో, యేల్ నాటక విద్యార్థులకు ఈ నాటకశాల అలాంటిది. పొద్దున క్లాసులో కూర్చున్న విద్యార్థి సాయంత్రం పేరున్న నటుడి పక్కన వేషం వేస్తాడు, లేదా దీపాల దగ్గర, తెర వెనక పనిచేస్తాడు.

అమెరికాలో నాటకం అంటే న్యూయార్క్ నగరంలోని బ్రాడ్‌వే అని చాలామంది అనుకుంటారు. బ్రాడ్‌వే లాభం కోసం నడిచే వ్యాపారం. దానికి వెలుపల, దేశంలోని ఇతర పట్టణాల్లో, లాభాపేక్ష లేకుండా నడిచే నాటకశాలలను ప్రాంతీయ నాటకశాలలంటారు. వాషింగ్టన్‌లో ఎరీనా స్టేజ్ 1950లో, మినియాపొలిస్‌లో గత్రీ థియేటర్ 1963లో మొదలయ్యాయి. ఇవి నడిచే పద్ధతిని తప్పక తెలుసుకోవాలి. వీటికి 'సీజన్' ఉంటుంది. శరదృతువు నుంచి వేసవి మొదలయ్యే దాకా ఏయే నాటకాలు వేస్తారో ముందే ప్రకటిస్తారు. ప్రేక్షకులు మొత్తం సీజన్‌కు కలిపి టిక్కెట్లు కొనుక్కుంటారు. అందులో షేక్‌స్పియరో చెహోవో ఒకటి ఉంటుంది, ఎవరికీ తెలియని కొత్తవాడి నాటకమూ ఒకటి ఉంటుంది. పెద్ద పేర్ల కోసం డబ్బు కట్టినవాడు కొత్తవాడి నాటకానికీ వచ్చి కూర్చుంటాడు. పేరు లేని రచయిత మొదటి రోజే హాలు నింపుకోవలసిన పని లేదు. నాకు ఈ ఏర్పాటులో అన్నిటికంటే నచ్చింది ఇదే.

1979లో బ్రుస్టీన్ వెళ్ళిపోయాక ఆ స్థానంలోకి లాయిడ్ రిచర్డ్స్ వచ్చాడు. ఈయన నల్లజాతివాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే డెట్రాయిట్‌లో బూట్లు పాలిష్ చేసినవాడు. 1959లో లొరైన్ హాన్స్‌బెర్రీ రాసిన 'ఎ రెయిజిన్ ఇన్ ది సన్' నాటకానికి బ్రాడ్‌వేలో దర్శకత్వం వహించింది ఆయనే. ఆయన ఉన్న కాలంలో, 1982 మార్చిలో, దక్షిణాఫ్రికా రచయిత ఆథోల్ ఫ్యుగార్డ్ 'మాస్టర్ హెరాల్డ్ అండ్ ది బాయ్స్' నాటకాన్ని లోకంలో మొదటిసారిగా యేల్‌లోనే వేశాడు. 1950లో ఒక టీ హోటల్లో జరిగే కథ అది. పనివాడైన శామ్ యజమాని కొడుకును చిన్నప్పటి నుంచి సొంత బిడ్డలా చూశాడు, గాలిపటం కూడా చేసిచ్చాడు. చివరకు ఆ కుర్రవాడు శామ్ ముఖం మీద ఉమ్మేస్తాడు. ఆ పుస్తకాన్ని దక్షిణాఫ్రికాలో మొదట నిషేధించారు.

ఇక అసలు మనిషి దగ్గరకు వస్తాను.

ఆగస్ట్ విల్సన్ 1945లో పిట్స్‌బర్గ్ నగరంలో, హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లవాళ్ళ పేటలో పుట్టాడు. తల్లి ఇళ్ళల్లో పాచిపని చేసేది. తండ్రి వలస వచ్చిన జర్మన్ తెల్లజాతివాడు, రొట్టెలు కాల్చే పనివాడు, ఇంటి పట్టున ఉండేవాడు కాదు. పదిహేనేళ్ళ వయసులో విల్సన్ నెపోలియన్ మీద ఇరవై పేజీల వ్యాసం రాసుకుని బడికి వెళ్ళాడు. ఇది నువ్వు రాసింది కాదు, ఎవరో రాసిచ్చారు అన్నాడు టీచరు. విల్సన్ ఆ బడికి మళ్ళీ వెళ్ళలేదు. ఆ సంగతి తల్లికి చెప్పకుండా రోజూ కార్నెగీ గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆ గ్రంథాలయమే ఆయనకు హైస్కూలు డిప్లొమా ఇచ్చింది. ఇలాంటి అనుమానం ఇంటర్‌లో నాకూ ఎదురైంది. నేను బోర్డు దగ్గర నిలబడి మళ్ళీ రాసి చూపించాను. అంత గౌరవం లేని పనిని విల్సన్ చేయలేదు.

1978లో ఆయన మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరానికి వెళ్ళాడు. కొంతకాలం ఒక సైన్స్ మ్యూజియంకు చిన్న చిన్న నాటికలు రాశాడు. తర్వాత పేద వృద్ధులకు సేవ చేసే ఒక సంస్థలో వంటవాడుగా పనిచేశాడు. ఆ రోజుల్లోనే ఆయనకు ఒక సంగతి బోధపడింది. అంతకుముందు రాసిన పాత్రలు కవిత్వంలాగా, పుస్తకాల్లాగా మాట్లాడేవి. తన పేట మాటకు తనే విలువ ఇవ్వలేదని ఆయన తర్వాత ఒప్పుకున్నాడు. నల్లవాళ్ళు తక్కువగా ఉండే ఆ దూరపు ఊళ్ళో ఉంటే పిట్స్‌బర్గ్ హోటళ్ళలో, సిగరెట్ల దుకాణం దగ్గర ముసలివాళ్ళు చెప్పుకున్న కబుర్లు చెవిలో మోగడం మొదలైంది. వాటిని మార్చకుండా, దిద్దకుండా రాశాడు.

రాసినవన్నీ ఓనీల్ థియేటర్ సెంటర్ నడిపే నాటక రచయితల సదస్సుకు పంపాడు. తిరిగొచ్చాయి. మళ్ళీ పంపాడు. 1982లో 'మా రేనీస్ బ్లాక్ బాటమ్' నాటకాన్ని తీసుకున్నారు. ఆ సదస్సును నడిపేది కూడా లాయిడ్ రిచర్డ్సే. అక్కడ అలంకరణలు ఉండవు, నటులు కాగితాలు చేతిలో పట్టుకునే ఆడతారు. రచయిత చూసి, విని, రాత్రికి దిద్దుకుంటాడు. 1984 ఏప్రిల్లో ఆ నాటకం యేల్ సీజన్‌లో వచ్చింది, అక్టోబరుకు బ్రాడ్‌వే చేరింది. 1927లో షికాగోలోని ఒక రికార్డింగ్ గదిలో జరిగే కథ. పాట నల్లవాళ్ళది, కంపెనీ తెల్లవాళ్ళది.

అందులో లెవీ అనే బాకా వాద్యగాడి వేషం వేసిన చార్ల్స్ డటన్ గురించి చెప్పకుండా ఉండలేను. బాల్టిమోర్ వాడు. కుర్రతనంలో ఒక కొట్లాటలో మనిషి చనిపోతే జైలుకు వెళ్ళాడు. ఒకసారి ఒంటరి గదిలో వేసినప్పుడు వెంట తీసుకెళ్ళిన పుస్తకం నల్లజాతి నాటకాల సంపుటి. బయటికి వచ్చి తోటి ఖైదీలతో నాటకం ఆడించాడు. తర్వాత చదువుకుని 1983లో యేల్ నాటక విభాగం నుంచి పట్టా పుచ్చుకున్నాడు. మరుసటి ఏడాదే అదే నాటకశాల వేదిక మీద లెవీ అయ్యాడు.

తర్వాతి నాటకం 'ఫెన్సెస్', అంటే కంచెలు. యేల్‌లో 1985లో వేశారు. ట్రాయ్ మాక్సన్‌గా జేమ్స్ ఎర్ల్ జోన్స్, ఆయన కొడుకుగా అప్పటికింకా యేల్ విద్యార్థిగా ఉన్న కోర్ట్నీ వాన్స్ నటించారు. 1987లో బ్రాడ్‌వేకు వెళ్ళి పులిట్జర్ బహుమతి, టోనీ బహుమతి తెచ్చుకుంది. మొదటి ఏడాదిలోనే ఒక కోటీ పది లక్షల డాలర్లు వసూలు చేసింది. కానీ నాకు ముఖ్యం ఆ లెక్కలు కాదు. ట్రాయ్ పిట్స్‌బర్గ్‌లో చెత్త ఎత్తే పనివాడు. 1957 నాటి కథ. తెల్లవాళ్ళే ఎందుకు లారీ నడుపుతున్నారు, నల్లవాళ్ళే ఎందుకు చెత్త ఎత్తుతున్నారు అని అతను పైవాళ్ళను అడుగుతాడు. ఉద్యోగం పోతుందని స్నేహితుడు బోనో భయపడతాడు. పోలేదు, ట్రాయ్‌ను డ్రైవరు చేస్తారు.

మా నాన్న మున్సిపాలిటీ చెత్త ట్రాక్టరు మీద లోడింగు పని చేస్తాడు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అన్నం తింటూ ఈ కథ చెప్పాను. అంతా విని, "మరి ఆడికి లైసెన్సు ఉందేటి?" అని అడిగాడు నాన్న. నేను నిర్ఘాంతపోయాను. నాటకంలో బోనో అడిగేదీ ఆ ప్రశ్నే. ట్రాయ్‌కు లైసెన్సు లేదు. చదవడం కూడా రాదు. ఎం.ఏ. క్లాసులో మేము వారం రోజులు ఆ నాటకం మీద చర్చించాము. ఆ లైసెన్సు మాట ఎవ్వరికీ తట్టలేదు. నాన్న పుస్తకం ముట్టుకోకుండానే పట్టుకున్నాడు. ఇంకో మాట కూడా ఉంది. డ్రైవరయ్యాక ట్రాయ్ సంతోషంగా లేడు. ముందు సీట్లో ఒక్కడే కూర్చోవాలి, మాట్లాడేవాడు లేడు. వెనక చెత్త ఎత్తేవాళ్ళతో ఉన్న కబుర్లు పోయాయి. మన హాస్టల్ నుంచి దూరంగా పెద్ద చదువులకు వెళ్ళిన పూర్వ విద్యార్థులకు దీనికి వివరణ అక్కరలేదనుకుంటాను.

విల్సన్ ఇరవయ్యో శతాబ్దంలోని ప్రతి దశాబ్దానికీ ఒకటి చొప్పున పది నాటకాలు రాశాడు. వాటిలో ఆరు మొదట యేల్‌లోనే పూర్తి స్థాయిలో వేశారు. 'ది పియానో లెసన్' 1987లో అక్కడ మొదలై, ఇతర ప్రాంతీయ నాటకశాలలు తిరిగి, 1990లో బ్రాడ్‌వేకు వెళ్ళి రెండో పులిట్జర్ తెచ్చింది. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ కొంత కొట్టేసి కొంత కలిపేవాడు. చివరిదైన 'రేడియో గోల్ఫ్' 2005 ఏప్రిల్లో యేల్‌లో వేశారు. అదే ఏడాది అక్టోబరు 2న ఆయన చనిపోయాడు.

ఇంత మేలు జరిగింది కదా అని ఆయన నోరు మూసుకుని కూర్చోలేదు. 1996లో ప్రిన్స్‌టన్‌లో మాట్లాడుతూ, దేశంలోని 66 ప్రధాన ప్రాంతీయ నాటకశాలల్లో నల్లవాళ్ళది ఒక్కటే ఉందని లెక్క చెప్పాడు. తెల్లవాళ్ళ నాటకాల్లో మాకు వేషాలు ఇస్తే చాలదు, మా నాటకశాలలు మాకుండాలి అన్నాడు. దాన్ని గట్టిగా వ్యతిరేకించింది ఎవరనుకున్నారు? యేల్ నాటకశాలను స్థాపించిన బ్రుస్టీనే. 1997 జనవరిలో న్యూయార్క్ టౌన్ హాల్లో ఇద్దరూ వేదిక మీద వాదించుకున్నారు. బ్రుస్టీన్ వాదంలో కొంత నిజం ఉండవచ్చు, నేను మాత్రం విల్సన్ పక్షం.

విద్యార్థులకు పనికొచ్చే ఒక సమాచారం. 2021లో డేవిడ్ గెఫెన్ 15 కోట్ల డాలర్ల విరాళం ఇవ్వడంతో యేల్ నాటక విభాగంలో అందరికీ ఫీజు తీసేశారు. 'ఫెన్సెస్' 2016లో, 'మా రేనీ' 2020లో, 'పియానో లెసన్' 2024లో సినిమాలుగా వచ్చాయి. ఇంగ్లీషు కష్టమనిపించినా చూడండి.

మనకు మాట్లాడే భాషలో నాటకం లేదా అంటే ఉంది. 1892లో విజయనగరంలో ఆడిన గురజాడ 'కన్యాశుల్కం' మాట్లాడే తెలుగులోనే ఉంది. అయితే అందులో ఎక్కువగా వినిపించేది అగ్రహారాల మాట. మన ఇళ్ళలోని మాట ఇప్పటికీ మన హాస్టల్ నాటికలో పాలేరుకే వస్తోంది, అదీ నవ్వించడానికి. దాన్ని అక్కడ పెట్టింది ఎవరో బయటివాళ్ళు కాదు, ఆ ఏడాది స్క్రిప్టు రాసిన ముగ్గురిలో నేనొకణ్ణి.

వచ్చే వార్షికోత్సవానికి నాటిక ఎవరు రాస్తున్నారో నాకు తెలియజేయండి. వార్డెన్ గారు అనుమతిస్తే ఒక ఆదివారం వస్తాను. మేకప్పు, మైకు వద్దు. భోజనాల హాల్లో చాపలు వేసుకుని, కాగితాలు చేతిలో పట్టుకుని, అందరం వినేట్టు చదువుదాం. డాక్టరు కూడా ఈసారి ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాలి. వంట చేసే ఆయమ్మలను కూడా కూర్చోబెట్టండి. ఎక్కడ అబద్ధంగా ఉందో వాళ్ళు చెబుతారు.