తండ్రికొడుకుల వేట

చదువవలసిన భాగములు: ఆదికాండము 22:1–14, 25:27–34, 27:1–40
కంఠస్థ వాక్యము: మలాకీ 4:6



ఈ నెల పాఠము ఒక వేటనుగూర్చినది. పెనుకొండ చుట్టుప్రక్కల గ్రామములలో వేరుశనగకాయ యిల్లు చేరిన తరువాత వలలు, కుక్కలు తీసికొని కుందేళ్ల వేటకు పోవుట మన పెద్దలకాలమున పండుగవంటిది. అది కూరకొరకు మాత్రమే కాదు. జాడ పట్టుట, గాలివాటము చూచుట, అలికిడి లేక నడచుట తండ్రియొద్ద కుమారుడు నేర్చుకొనినది అక్కడనే.

1. ఒంటరిగా పోయిన కుమారుడు

ఇస్సాకు ముసలివాడై, చూపు పోయి, పెద్దకుమారుడైన ఏశావును పిలిచి, వేటాడి తనకిష్టమైన కూర వండి తెమ్మనెను, తిని ఆశీర్వదింతుననెను. వారి వయస్సు గమనింపుడి. ఏశావు పుట్టినప్పుడు ఇస్సాకు 60 ఏండ్లవాడు (25:26). ఏశావు 40 ఏండ్లకు పెండ్లిచేసికొనెను (26:34). కాబట్టి ఇక్కడ కుమారుడు 40 దాటినవాడు, తండ్రి 100 దాటినవాడు. ఇది పసివాని సంగతి కాదు.

హెబ్రీ భాషలో వేటకును వేటమాంసమునకును ఒకే మాట వాడుదురు. ఇస్సాకు ఏశావును ప్రేమించుటకు ఆ మాంసమే కారణమని 25:28 చెప్పుచున్నది. చూపులేని వృద్ధుడు అడవికి పోలేడు, నిజమే. అయితే కుమారుని ప్రక్కను కూర్చుండబెట్టుకొని ఆశీర్వదించుటకు మాంసము కావలెనా? ఏశావు ఒంటరిగా అడవికి పోయెను. అతడు వచ్చులోగా ఇంటిలో మోసము జరిగెను. తండ్రి వణకెను, కుమారుడు బిగ్గరగా ఏడ్చెను.

మరణదినము తెలియదని తొందరపడిన ఇస్సాకు అటుతరువాత చాల ఏండ్లు బ్రదికెను. యాకోబు పరదేశమున 20 ఏండ్లుండి తిరిగివచ్చువరకు బ్రదికి, 180 ఏండ్లకు మృతినొందెను (31:38, 35:27–29). తండ్రికి కాలము తక్కువ కాలేదు. అయినను ఆ తండ్రియు ఇద్దరు కుమారులును ఒక్కచోట కూర్చుండి భుజించినట్టు మనము ఎక్కడను చదువము. ఇద్దరు కుమారులును కలిసి తండ్రికి చేసినట్టు చదువునది ఒక్కటే: అతని పాతిపెట్టిరి.

2. కూడి నడిచిన కుమారుడు

ఈ ఇస్సాకే చిన్నవాడై యుండగా తన తండ్రితో మోరీయాకు నడిచెను. ఆ స్థలము కనబడినది మూడవ దినమున. ఇద్దరును కూడి వెళ్లిరని 22వ అధ్యాయము రెండు మారులు చెప్పును. ఆ రెండు మాటల నడుమ ఏమున్నది? కుమారుడు ఒక ప్రశ్న అడిగెను, తండ్రి జవాబు చెప్పెను. గొఱ్ఱెపిల్లను దేవుడే చూచుకొనుననెను. ఆ జవాబు ఇస్సాకుకు దొరికినది దారిలోనే. కలిసి నడువనియెడల ఆ ప్రశ్న పుట్టియే యుండదు.

3. మాకు తెలిసిన ఒక సంగతి

మా సంఘములో ఒక వృద్ధుడు కలడు. తన కుమారుడు బాలుడై యున్నప్పుడు, “కాయ పెరికినాక నిన్ను వేటకు పిలుచుకపోతా” నని మాట ఇచ్చెను. ఆ యేడు వాన రాలేదు. మరుసటి యేడు అప్పు వచ్చెను. పిల్లవాడు పెద్దవాడై ధర్మవరమునకు మగ్గము పనికి పోయెను. భూమి అమ్ముటనుగూర్చి తండ్రికొడుకులకు మాట తప్పిపోయెను. ధర్మవరమునుండి పెనుకొండకు రైలులో ఒక పూటయు పట్టదు. అయినను పదేండ్లు వారు ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

ఒకనాడు వృద్ధుడు మాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, మా నాయన వల ఇంకా అటక మీద ఉంది. వాణ్ణి పిలిచి వేటకు పోదామనుకొంటి” ననెను. మేము వెంటనే చట్టము చెప్పితిమి. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము కుందేలునైనను పట్టుట నేరమనియు, చెరసాల కలదనియు చెప్పితిమి. చెప్పినది సత్యమే. గూటిలోని తల్లిపక్షిని విడిచిపెట్టుమన్న దేవుని దయకును (ద్వితీ. 22:6–7) అది తగినదే. అయితే వృద్ధుడు తల వంచుకొని వెళ్లిపోయెను. ఆయన అడిగినది కుందేలును కాదని మేము ఆ రాత్రిగాని గ్రహింపలేదు.

మరునాడు ఆయన యింటికి పోయి, “వల అటకమీదనే ఉండనిండు, మీరు మాత్రము పోయి రండి” అంటిమి. కుమారునికి కబురు పోయెను. అతడు వచ్చెను. సంగటి ముద్దలు, ఊరిబిండి మూటగట్టుకొని తెల్లవారకమునుపే ఇద్దరును కొండ యెక్కిరి. 1565 తరువాత విజయనగర రాజులు కాపురమున్న ఆ కోటగోడల నీడను కూర్చుండిరి.

సాయంకాలము వృద్ధుడు మాతో చెప్పిన మాట ఇది: “పొదలోంచి కుందేలు లేచింది అయ్యగారూ. ఇద్దరమూ చూస్తా నిలబడిపోయినాము. అది పోయినాక వాడు, నాయనా, ఇన్నేండ్లు నేను రాకపోయినానే అన్నాడు. నేను పిలవకపోయినానే అంటిని.”

భూమి తగవు ఆ దినమే తీరలేదు. కాని అది మాటలాడుకొనదగిన తగవాయెను.

4. మనకు పాఠము

హిందూపురము కర్మాగారములలోను, ధర్మవరము మగ్గములయొద్దను, బెంగుళూరులోను మన బిడ్డలు పనిచేయుచున్నారు. వారు పంపు సొమ్ము మనకు వచ్చుచున్నది. ఇస్సాకు పళ్లెములోనికి మాంసమును వచ్చెను. తండ్రులారా, బిడ్డలు తెచ్చుదానిని కాక బిడ్డలను కోరుడి. కుమారులారా, సొమ్ము పంపితిమి గదా అని దారి మరువకుడి. ఇచ్చిన మాట పాతబడినదని విడువకుడి. మలాకీ చెప్పినట్లు తండ్రుల హృదయమును బిడ్డలతట్టు, బిడ్డల హృదయమును తండ్రులతట్టు త్రిప్పువానిని పంపువాడు దేవుడే. అడుగు వేయవలసినవారము మనము.

ఇంటిలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మన బిడ్డలకు మాట ఇచ్చి తీర్చనిది ఏమైన కలదా?
2. ఇస్సాకు మోరీయా దారిని జ్ఞాపకము చేసికొనియుంటే ఏశావుతో ఏమి మాటలాడియుండును?
3. ఈ నెలలో ఎవరి గడప మనము మొదట తొక్కవలెను?

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, మాతో కూడ నడచువాడా, మేము మా బిడ్డలతో కూడ నడచునట్లు మా పంతమును విరుగగొట్టుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.