వినబడుట వేరు, బోధపడుట వేరు

నిశ్శబ్దమైన గదిలో చక్కగా వినగలవారు సైతము గోలలో మాటను గ్రహింపలేకపోవచ్చును. దీనిని కొలుచుటకు 1977లో అమెరికాలో కాలికో, స్టీవెన్స్, ఎలియట్ అను పరిశోధకులు ఒక పరీక్షను ప్రకటించిరి. 12 మంది ఒక్కసారిగా మాటలాడు సందడి నడుమ 50 వాక్యములను వినిపించి, ప్రతి వాక్యపు చివరి పదమును తిరిగి చెప్పింతురు. సగము వాక్యములు “దప్పికగొన్నవాడు త్రాగినది నీరు” వంటివి. చివరి పదమును ఊహింపవచ్చును. “అతడు చెప్పినది నీరు” వంటి తక్కినవానిలో ఊహకు తావులేదు. అచ్చటనే పొరపాట్లు అధికము.

గ్రామసభలో చదువు పేర్లు, తేదీలు, పన్ను మొత్తములు ఈ రెండవ తరగతికి చెందినవి. తేదీని తప్పుగా వినిన వృద్ధుడు దరఖాస్తు గడువును కోల్పోవును. కావున సభ్యులు “వినబడినదా?” అని మాత్రమే అడిగి ఊరకుండరాదు. వెనుక వరుసవారిచే ఆ తేదీని తిరిగి చెప్పింపవలెను. తప్పినచో, సందడి అణగిన పిదప మరల నిదానముగా చదువవలెను.