లాటరీ ధనం - ధర్మకార్యం

దానానికీ, ద్యూతానికీ మన సంప్రదాయంలో పొత్తు లేదు. దాత తానిచ్చిన దానికి ప్రతిఫలం కోరడు. జూదరి ఒకటి ఒడ్డి నూరు ఆశిస్తాడు. ఋగ్వేదంలోని అక్షసూక్తం జూదరి దైన్యాన్ని వర్ణించింది. నన్నయ తెనిగించిన సభాపర్వంలో ధర్మరాజంతటివాడు రాజ్యాన్ని, తమ్ములను, తనను, చివరకు ద్రౌపదిని కూడా ఒడ్డి ఓడిపోయాడు. ఇంతటి వైరం గల ఈ రెండింటినీ ఆధునిక ప్రభుత్వాలు ఒకే కాగితం మీదికి తెచ్చాయి. ఆ కాగితమే ధర్మకార్యాల పేరిట అమ్మే లాటరీ టికెట్టు.

జూదంపై రాజ్యపర్యవేక్షణ మాత్రం కొత్తది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడనే అధికారిని నియమించాడు. జూదం ఒకేచోట, అతని కనుసన్నలలో జరగాలి. పాచికలను అతడే సమకూర్చాలి. గెలిచినవాని సొమ్ములో నూటికి అయిదు వంతులు రాజుకు చెందాలి. జూదం చాటుగా సాగితే దొంగలను కనిపెట్టటం కష్టమని కౌటిల్యుని ఆలోచన. అయితే రాజుకు చేరిన ఆ అయిదు వంతులను దేనికి వినియోగించాలన్న విచారణ అక్కడ లేదు. నేటి సమస్య అంతా ఆ విచారణలోనే ఉన్నది.

మన దేశంలో లాటరీ సొమ్ముతో ప్రజోపయోగ కార్యాలు చేయటం ఈస్టిండియా కంపెనీ కాలంలోనే కనిపిస్తుంది. కలకత్తాలోని టౌన్‌హాలు 1813లో లాటరీ సొమ్ముతోనే పూర్తయింది. 1817లో ఏర్పడిన లాటరీ కమిటీ ఆ నగరంలో వీథులు వేయించింది, చెరువులు త్రవ్వించింది. ఇంగ్లండులో ప్రజాభిప్రాయం ఈ పద్ధతిని నిరసించగా 1836లో అది ఆగిపోయింది. తరువాత ప్రభుత్వం నడిపేది, లేదా ప్రభుత్వం అనుమతించినది తప్ప ఇతర లాటరీని నిర్వహించటం భారత శిక్షాస్మృతి 294-ఎ సెక్షను క్రింద నేరమయింది. ఈ నిషేధమే 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 297వ సెక్షనుగా కొనసాగుతున్నది. కనుక ఎంత మంచి పనికైనా సరే, ఒక సేవాసంస్థ తన ఇష్టానుసారం లాటరీ నడపరాదు.

ప్రభుత్వ లాటరీలకు 1998లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. దాని ప్రకారం టికెట్లను రాష్ట్ర ప్రభుత్వమే ముద్రించాలి. డ్రా తానే, తన రాష్ట్రంలోనే తీయాలి. అమ్మకం సొమ్ము ప్రభుత్వ ఖాతాలో జమ కావాలి. ఎవరూ కోరని బహుమతి ధనం ప్రభుత్వానికే చెందాలి. ఈ నిబంధనలన్నీ సొమ్ము ఖజానాకు చేరేవరకే కాపలా కాస్తాయి. ఖజానాలోనికి వచ్చిన సొమ్ము ఏ దారిన పోవాలో ఈ చట్టం చెప్పలేదు.

కేరళ ఉదాహరణ ఇక్కడ మిక్కిలి ఉపయోగిస్తుంది. 1967లో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ మంత్రివర్గంలో ఆర్థికమంత్రిగా ఉన్న పి.కె. కుంజు ప్రభుత్వ లాటరీని ప్రారంభించారు. టికెట్టు వెల ఒక రూపాయి; మొదటి బహుమతి యాభైవేలు. మొదటి డ్రా 1968 జనవరి 26న జరిగింది. 2011లో ఆర్థికమంత్రి కె.ఎం. మాణి హయాంలో 'కారుణ్య' అనే ప్రత్యేక లాటరీ వెలసింది. దాని ఆదాయంతో కారుణ్య బెనవలెంట్ ఫండ్ ఏర్పాటయింది. క్యాన్సరు, హృద్రోగం, మూత్రపిండాల వ్యాధి, హీమోఫీలియా వంటి వాటితో బాధపడే పేదలకు ఆ నిధి చికిత్స వ్యయం భరించింది. దరఖాస్తులు జిల్లా లాటరీ కార్యాలయానికి వెళ్ళేవి. డబ్బు రోగి చేతికి గాక నేరుగా ఆసుపత్రికే అందేది. మధ్యవర్తులకు చోటివ్వని మంచి ఏర్పాటిది.

లెక్కల విషయంలో విద్యార్థులు ఒక సూక్ష్మాన్ని గ్రహించాలి. అమ్మిన టికెట్ల మొత్తం వెల ప్రభుత్వ పద్దులలో ఆదాయంగా కనబడుతుంది. అందులో సగానికి పైగా బహుమతులకే పోతుంది. ఏజెంట్ల కమిషను, ముద్రణ వ్యయం వేరు. ఇవన్నీ పోగా మిగిలినదే లాభం. పత్రికలలో కనిపించే వేలకోట్ల అంకెను చూసి అంతా రోగులకు చేరిందని భావించటం పొరపాటు. పైగా డ్రా జరిగేటప్పుడు న్యాయనిర్ణేతల బృందం ఎదుట, ప్రజల కళ్ళముందే అంకెలు తిరుగుతాయి. లాభాన్ని పంచే వేళ అంతటి బాహాటపు దృశ్యం ఉండదు. ఆ వివరాలను బడ్జెట్టు పుస్తకాలలోను, ఆడిట్ నివేదికలలోను వెదకుకోవాలి. 2019లో కారుణ్య ఆరోగ్య సురక్షా పథకం మొదలైన తరువాత బెనవలెంట్ ఫండ్ నిర్వహణ లాటరీ శాఖ నుండి రాష్ట్ర ఆరోగ్య సంస్థకు మారింది. ఆసుపత్రులకు బకాయిలు పేరుకున్నాయన్న వార్తలు అటుపై పలుమార్లు వెలువడ్డాయి. టికెట్లు మాత్రం నగదుకే అమ్ముడయ్యాయి.

బ్రిటన్‌లో ఈ చిక్కును ముందే ఊహించారు. అక్కడి జాతీయ లాటరీ మొదటి డ్రా 1994 నవంబరు 19న జరిగింది. ఆరంభంలో పౌండుకు సుమారు 28 పెన్నీలు సత్కార్యాలకు కేటాయించారు. ఏ సంస్థకు ఎంత ఇవ్వాలో మంత్రులు గాక స్వతంత్ర మండళ్ళు నిర్ణయించాలన్నారు. లాటరీ ధనం పన్నుల ధనానికి తోడు కావాలే గాని బదులు కారాదని మరొక నియమం. నియమం గొప్పదే. ఆచరణలో వివాదాలు తప్పలేదు. 1995లో చర్చిల్ పత్రాల కొనుగోలుకు కోటీ ఇరవై అయిదు లక్షల పౌండ్ల లాటరీ సొమ్ము వ్యయం చేసినప్పుడు, సంపన్న కుటుంబానికి పేదల సొమ్మా అని జనం నిలదీశారు. 2012 లండన్ ఒలింపిక్స్ ఖర్చు పెరిగినప్పుడు, 2007లో మరో 67.5 కోట్ల పౌండ్లను ఇతర సత్కార్యాల వాటా నుండి మళ్ళించగా సేవాసంస్థలు ఆక్షేపించాయి. సేవాసంస్థలు స్వయంగా నడిపే లాటరీలను అక్కడి 2005 చట్టం అనుమతిస్తుంది. అయితే ఆదాయంలో కనీసం 20 శాతం సేవకు చేరాలి. మిగిలిన ఎనభైలో బహుమతులూ, ఖర్చులూ ఇమడాలి. ఇరవై అన్నది తక్కువేనని ఎవరికైనా తోచక మానదు.

టికెట్టు కొనేవారెవరన్నది మరొక ప్రశ్న. దినకూలీలు, చిరుద్యోగులు, వృద్ధులు - వీరే దానికి ఆధారం. ధనవంతుడు తన ఆదాయాన్ని బట్టి పన్ను కడతాడు. లాటరీలో పేదవాడు తన ఆశను బట్టి కడతాడు. మరోవైపు కేరళ వీథులలో టికెట్లు అమ్మి జీవించేవారిలో వికలాంగులూ, ముదుసలులూ అనేకులున్నారు. వారి కోసం 2008లో సంక్షేమనిధి చట్టం కూడా వచ్చింది. లాటరీ వద్దని ఒక్కమాటలో తేల్చేవారు వీరి బ్రతుకుతెరువును కూడా లెక్కలోనికి తీసుకోవాలి.

ఇతర రాష్ట్రాల లాటరీలను నిషేధించే అధికారం 1998 చట్టం రాష్ట్రాలకిచ్చింది. తాను లాటరీ నడపని రాష్ట్రమే ఆ అధికారాన్ని వినియోగించగలదని 1999లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు లాటరీలు నడపటం లేదు. పేదల ఖరీదైన చికిత్సల కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీకి బడ్జెట్టు నిధులే ఆధారం. అక్కడ టికెట్టు లేదు, డ్రా లేదు. ఆసుపత్రుల బకాయిల మాట మాత్రం ఇక్కడా వినిపిస్తూనే ఉన్నది.