పూర్వపక్షము వ్రాయబడని మతములు : అవుకు సీమ నాధారముగా నొక విచారము

‘మన జ్ఞానే’, ‘మను అవబోధనే’ అను ధాతువులనుండి క్తప్రత్యయము చేరి మతశబ్దము సిద్ధించినది. తలంపబడినది, అంగీకరింపబడినది అని దాని యర్థము. శంకరుల మతము, భాట్టమతము, ప్రాభాకర మతము అనునపుడు శాస్త్రకారులు గ్రహించినది ఈ యర్థమే. ఒక సమాజమంతయు పుట్టుకతో పొందు ఆచార వ్యవస్థకు మతమను పేరు తరువాతి కాలమున స్థిరపడినది. ధర్మశబ్దము వేఱు. ధారణార్థకమైన ధాతువునుండి పుట్టిన ఆ పదమునకు కర్తవ్యమని ముఖ్యార్థము. నేటి వ్యవహారమున ఈ రెండు పదములు పర్యాయములైపోయినవి. దాని వలన కలిగిన చిక్కు చిన్నది కాదు. ‘అన్ని మతములును ఒక్కటే’ అను వాక్యమున మతశబ్దమునకు సిద్ధాంతమని యర్థము చెప్పినచో ఆ వాక్యము అసత్యము. సదాచారమని చెప్పినచో కొంతవఱకు సత్యము. తరగతి గదులలో ఈ వివేచన జరుగుట అరుదు.

పాషండ శబ్దము చరిత్ర మఱింత విచిత్రమైనది. స్మృతులయందును పురాణములయందును అది నిందావాచకము. కాని అవుకునకు పడమటనున్న ఎఱ్ఱగుడి శిలలపై, క్రీ.పూ. 3వ శతాబ్దిలో అశోకుడు చెక్కించిన ధర్మలిపులలో, అది కేవలము ‘మతవర్గము’ అను నర్థమున నున్నది. అచటి 12వ ప్రధాన శాసనమున రాజు తన వర్గమును అకారణముగా పొగడుకొనుటయు, పరవర్గమును అకారణముగా తెగడుటయు తగదనియు, పరస్పరము ఒకరి ధర్మమును మఱియొకరు వినవలెననియు విధించెను. అన్నియు నొక్కటే యని మాత్రము అచట లేదు. భిన్నములని యంగీకరించి, వినుమని చెప్పుట ఆ శాసనమునందలి విశేషము.

అవుకు విజయనగర కాలమున ఆరవీటి వంశశాఖకు చెందిన దుర్గస్థానము. నేడు నంద్యాల జిల్లాలో నొక మండల కేంద్రము. దాని చుట్టునున్న భూభాగమున ప్రపంచ ప్రధాన మతములలో పెక్కింటి యానవాళ్లు కలవు. దక్షిణమున బెలుం గుహలు బౌద్ధ, జైన భిక్షువుల నివాసములని ప్రసిద్ధి. తూర్పున అహోబిల క్షేత్రము, 14వ శతాబ్ది చివర ఆదివణ్ శఠకోప యతీంద్రులు స్థాపించిన మఠము. ఈశాన్యమున బనగానపల్లె, 1948లో మద్రాసు రాష్ట్రమున విలీనమగువఱకు అది షియా సంప్రదాయమునకు చెందిన నవాబుల సంస్థానము. ఆవలనున్న నంద్యాల ఆంగ్లికను క్రైస్తవ ప్రచారమునకు ముఖ్యకేంద్రము. బనగానపల్లెలోనే వీరబ్రహ్మేంద్రస్వామి గరిమిరెడ్డి అచ్చమ్మ గృహమున పశువులను కాచెననియు, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానము వ్రాసెననియు ఐతిహ్యము. ఇన్ని మతములు కొన్ని ఆమడల మేర ఇరుగుపొరుగున నుండగా, వీనిలో కొన్నింటికి మాత్రమే సంస్కృత శాస్త్రమున పూర్వపక్షము కలదు. కొన్నింటికి చిరకాలము లేదు. ఈ భేదమునకు కారణము విచారింపదగినది.

పూర్వపక్షమనగా ఖండనమునకు ముందు చెప్పు మాట మాత్రమే కాదు. పరుని మతమును అతని ప్రమాణములతో, అతని పరిభాషలో, అతడు విని ‘ఔను, ఇదియే నా యభిప్రాయము’ అనునట్లు అనువదించుట దాని లక్షణము. శాస్త్రమున అనువాదమనగా ఇదియే. భాషాంతరీకరణమను నర్థము తరువాతిది. 14వ శతాబ్దిలో మాధవాచార్యుడు రచించిన సర్వదర్శన సంగ్రహము ఈ విద్యకు పరాకాష్ఠ. చార్వాకునితో నారంభించి, బౌద్ధ, ఆర్హత, రామానుజ, పూర్ణప్రజ్ఞ, పాశుపత, శైవాది దర్శనములను వరుసగా ఆయా మతస్థుడే మాటాడుచున్నట్లు ఆయన నిరూపించెను. కొన్ని ప్రతులలో శాంకర దర్శనము లేకపోగా, 1924లో పుణెయందు వెలువడిన వాసుదేవశాస్త్రి అభ్యంకరుల సవ్యాఖ్యాన ముద్రణమున అదియు చేరినది. మొత్తము పదునాఱు దర్శనములు. ఆ పదునాఱింటిలో ఇస్లాము లేదు.

ఈ లోపము సామాన్యమైనది కాదు. గ్రంథరచనా కాలమున బహమనీ రాజ్యము విజయనగరమునకు పొరుగున వెలసియున్నది. ఇరు రాజ్యముల నడుమ యుద్ధములు, సంధులు, వర్తకము జరిగినవి. ఐనను ఆనాటికే దక్షిణమున క్షీణించిన బౌద్ధమునకు దీర్ఘమైన ప్రకరణము లభింపగా, ఎదుటనున్న మతమునకు పంక్తియు లభింపలేదు. అహోబిల మఠమునకు పరమ ప్రమాణభూతులైన వేదాంతదేశికుల కృతులలోను ఇట్లే. వారి పరమతభంగమున చార్వాకాది మతముల ఖండనము విస్తరముగా కలదు; తురుష్క మతమునకు ప్రకరణము లేదు. కాని శ్రీరంగముపై దండయాత్రలు జరిగిన కాలమున జీవించిన ఆ మహనీయుల అభీతిస్తవమున తురుష్క, యవన శబ్దములు కలవు. అచట అవి భయహేతువులుగా పేర్కొనబడినవి. భయనివారణార్థము రంగనాథుని ప్రార్థించుట ఆ స్తోత్రోద్దేశము. భయహేతువుగా తెలిసినది వాదిగా తెలియలేదు.

దీనికి సమాధానముగా కొందఱు మ్లేచ్ఛభాషా నిషేధమును చెప్పుదురు. అది చాలదు. మీమాంసకులు పిక, నేమ మున్నగు పదముల విషయమున మ్లేచ్ఛ ప్రసిద్ధికిని ప్రామాణ్యము నంగీకరించిరి కదా! ముఖ్యకారణము వాదభూమి లేకపోవుటయే యని తోచును. బౌద్ధుడు సంస్కృతమున వ్రాసెను. దిఙ్నాగ ధర్మకీర్తులు ప్రమాణలక్షణము చెప్పి సభకు వచ్చిరి. అందుచేత ఉదయనుడు వారికి ఆత్మతత్త్వవివేకమున బదులు చెప్పగలిగెను. అరబ్బీ పారశీకములందలి కలామ్ శాస్త్రమునకును నైయాయికునకును ఉమ్మడి సభ దక్షిణదేశమున ఏర్పడలేదు. ఉత్తరమున 17వ శతాబ్దిలో దారాషుకో కాశీపండితుల సాహాయ్యమున ఉపనిషత్తులను పారశీకమునకు తెచ్చెను. అతని సంగమగ్రంథమునకు సముద్రసంగమమను పేర సంస్కృత రూపమును వెలసెను. అది సమన్వయప్రయత్నము, అభేదమును చూపు తొందరలో భేదమును నిరూపించు పని మిగిలిపోయెను.

ఆ సభ యేర్పడియున్నచో మొదటి వాదవిషయము శబ్దప్రామాణ్యమై యుండెడిది. క్రీ.శ. 7వ శతాబ్ది పూర్వార్ధమున అరేబియాలో ముహమ్మదు ప్రవక్త ప్రకటించిన ఇస్లామునకు ఏకేశ్వరత్వము, ప్రవక్తృపరంపర, అంతిమదినమున విచారణ మూలవిశ్వాసములు. విశ్వాసవచనము, నమాజు, జకాతు, ఉపవాసము, హజ్జు విధ్యాచారములు. ఇంతవఱకు పాఠ్యపుస్తకములు చెప్పును. ఖురాను ఈశ్వరవాక్కు అని చెప్పి ఊరకుందురు. కాని ఆ వాక్కు నిత్యమా, కార్యమా? 9వ శతాబ్దిలో ముతజిలా వాదులు అది సృష్టమనిరి. ఖలీఫా మామూను 833లో ఆ మతమును విద్వాంసులపై బలవంతముగా రుద్దెను. తరువాత అష్అరీ సంప్రదాయము ఈశ్వరుని వాక్కు అతని నిత్యగుణమనియు, సృష్టము కాదనియు స్థాపించెను. షియా సిద్ధాంతులు ఈ విషయమున ముతజిలులకు సమీపవర్తులు. కావున బనగానపల్లె కోటలోని మతమునకును, చుట్టుపట్ల గ్రామములలోని సున్నీ మతమునకును ఈ సూక్ష్మాంశమున భేదము కలదు.

మీమాంసా పాఠము చదివినవానికి ఈ చర్చ మిక్కిలి పరిచితముగా తోచును. ఐనను సామ్యమున మోసపోరాదు. మీమాంసకునకు వేదము అపౌరుషేయము. దానికి వక్తయే లేడు, ఈశ్వరుడును కాడు. వక్తృదోషము లేకుండుటచేతనే ప్రామాణ్యము. నైయాయికునకు వేదము ఈశ్వరకర్తృకము; ఆప్తోక్తత్వముచేత ప్రామాణ్యము. అష్అరీ మతమున వాక్కు నిత్యము, ఐనను వక్త కలడు. ఇది మీమాంసకుని పక్షము కాదు, నైయాయికుని పక్షమును కాదు, మూడవ కోటి. ‘వారికి ఖురాను మనకు వేదమువంటిది’ అను సులభవాక్యము ఈ మూడవ కోటిని కప్పివేయును.

క్రైస్తవ విషయమున అవతారశబ్దము ఇట్టి యావరణము. క్రీస్తు ఒక అవతారమని మనవారు సాదరముగా పలుకుదురు. సౌజన్యము మంచిదే, కాని క్రైస్తవ సిద్ధాంతి దీని నంగీకరింపడు. 325లో నికేయా సభ కుమారుడు తండ్రితో ఏకతత్త్వము కలవాడని నిర్ణయించెను. 451లో కాల్సెడాను సభ ఒకే వ్యక్తియందు పూర్ణ దైవస్వభావమును, పూర్ణ మానవస్వభావమును కలవని చెప్పెను. వైష్ణవులకు అవతార విగ్రహము శుద్ధసత్త్వమయము, అప్రాకృతము, అవతారములు బహువులు. క్రైస్తవులకు శరీరధారణ ఒక్కసారియే. శరీరము మనవలె ప్రాకృతము. బాధ, మరణము నిజములు. మరణము నిజము కానిచో వారి రక్షణవాదమే నిలువదు. అహోబిలమున నృసింహుడు స్తంభము నుండి వెడలుటకును, బేత్లెహేమున శిశువు జన్మించుటకును ఒకే పదమును వాడినచో ఇరువురి సిద్ధాంతమునకును హాని.

ఈ మతమునకు మాత్రము ఆలస్యముగానైనను సంస్కృత వాదము నడచినది. 1839లో జాన్ మ్యూర్ అను కుంఫిణీ యుద్యోగి మతపరీక్షయను సంస్కృత గ్రంథమును ప్రకటించెను. సోమనాథుడను పేర సుబాజీ బాపు, పిదప హరచంద్ర తర్కపంచాననుడు, 1844–45లలో కాశీయందు నీలకంఠ గోరే ప్రత్యుత్తరములు వ్రాసిరి. పూర్వజన్మకర్మ లేనిచో జన్మవైషమ్యమునకు ఈశ్వరుడే కారణమై, అతనికి పక్షపాతదోషము వచ్చునని పండితులు చేసిన ఆక్షేపము బ్రహ్మసూత్రములందలి వైషమ్యనైర్ఘృణ్యాధికరణమునకు అనుగుణమైనది. శాస్త్రతత్త్వవినిర్ణయమను గ్రంథమున క్రైస్తవమును ఖండించిన నీలకంఠుడే 1848లో ఆ మతమును స్వీకరించెను. తరువాత షడ్దర్శనములను విమర్శించుచు హిందీలో గ్రంథమును వ్రాసెను. పరపక్షమును శ్రద్ధగా నెఱుంగుట అపాయకరమని కొందఱు పెద్దలు ఈ కథను చెప్పుట కలదు. ఆ భయము శాస్త్రమునకు తగదు. అధ్యయనమునకు భయపడు సిద్ధాంతము పూర్వపక్షమును వ్రాయలేదు.

నంద్యాలలో జరిగిన యొక విషయము ఇచట చెప్పదగును. 1947లో దక్షిణ భారత సంఘము ఏర్పడినపుడు నంద్యాల ఆంగ్లికనులు దానికి వెలుపల నిలిచిరి, 1975లో చేరిరి. ఆ యైక్యప్రణాళికపై దశాబ్దములు సాగిన చర్చలలో బిషప్పుల హస్తనిక్షేపణ పరంపర యొక ముఖ్యాంశము. అపోస్తలుల నుండి అవిచ్ఛిన్నముగా వచ్చిన పరంపరయే అభిషేకమునకు సాధుత్వమిచ్చునని ఒక పక్షము. గురుపరంపరాధ్యానముతో పాఠము నారంభించు మఠ విద్యార్థికి ఈ వివాదము క్షణములో బోధపడును. నిజమైన సామ్యములు ఇట్టి చోటులనే యుండును.

బౌద్ధ జైనముల గూర్చి విస్తరింప నక్కఱలేదు. వానికి గ్రంథములు కొల్లలు. ఐతే మన విద్యార్థులకు క్షణభంగవాదము తర్కపాద ఖండనము ద్వారా మాత్రమే తెలియును. పాలి త్రిపిటకమందలి దుఃఖసత్యము, అష్టాంగమార్గము తెలియక, నలుగురు బౌద్ధుల పేర్లు మాత్రము కంఠస్థము చేయుదురు. స్యాద్వాదమునకును ఇదే గతి. తెలిసిన పూర్వపక్షమును ఖండనముతోనే తెలియుట లోపమే.

ఆచారము సిద్ధాంతముకొఱకు వేచియుండదు. రాయలసీమ గ్రామములలో పీర్ల పండుగకు హిందువులు మ్రొక్కుకొందురు. ఆ పండుగ 680లో కర్బలాయందు హుసేను మరణించిన ఘట్టమునకు స్మారకము. వీరబ్రహ్మము శిష్యులలో దూదేకుల సిద్ధయ్య అగ్రగణ్యుడని జనులు నేటికిని పాడుకొందురు. ఇవి సిద్ధాంతైక్యమునకు నిదర్శనములని పలువురు వ్రాసిరి. కాని పీరునకు మ్రొక్కు రైతు తౌహీదు నంగీకరింపలేదు. అంగీకరింపవలసిన యవసరమును అతనికి కలుగలేదు. సహవాసమునకు సిద్ధాంతైక్యము హేతువు కాదనుటకు అతడే దృష్టాంతము.

తెలుగు పరిభాష విషయమున మిగిలిన పని యెక్కువ. అనంతపురము దత్తమండల కళాశాలలో ఆంధ్రాధ్యాపకులైన చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెనిగించిరి. అంతకు నూఱేండ్లకు పైగా ముందు, 1812లో, విశాఖపట్టణమున దేగ్రాంజి ఆనందరాయలతో కూడి అనువదించిన సువార్తలు శ్రీరామపురమున అచ్చయినవి. ఇట్టి అనువాదముల మూలమున ఆత్మ, పాపము, రక్షణ, పరలోకము మున్నగు పదములు క్రొత్త యర్థములతో జనవ్యవహారమున నిలిచినవి. పరిశుద్ధాత్మ యనునపుడు ఆత్మ త్రిత్వమున నొక వ్యక్తి. వేదాంతికి ఆత్మ ప్రత్యగ్వస్తువు. బౌద్ధునకు అది యారోపితము. ముసల్మానునకు రూహు ఈశ్వరాజ్ఞచే కలిగినది. ఒకే వీధిలో నాలుగిండ్లవారు ఒకే పదమును నాలుగర్థములలో వాడుచుండగా, శబ్దరత్నాకరాది నిఘంటువులలో ఈ యర్థభేదములకు చోటు లభింపలేదు. ప్రాచ్యకళాశాలల శబ్దార్థ పరిశోధకులు పూర్వపక్ష రచనకు ముందు ఈ నాలుగిండ్ల వాడుకను సేకరింపవలసియున్నది. అందుకు అవుకు, బనగానపల్లె, నంద్యాల గ్రామములకన్న అనువైన క్షేత్రము ఈ ప్రాంతమున వేఱొకటి లేదు.